ముట్టడానికి కాకి లేని చోట

మా మేనత్త పోయింది. హవాయి దీవుల్లోకెల్లా పెద్ద దీవిలో, అగ్నిపర్వతం పక్కనే ఉన్న చిన్న ఊళ్ళో, తన ఇంట్లో, నిద్రలోనే పోయింది. ఆవిడతో చాలా ఏళ్ళు కలిసి పనిచేసిన ఒక పెద్దాయన, ఆ దీవిలోనే పుట్టి పెరిగినవాడు, పొద్దున్నే అరటిపళ్ళు ఇచ్చిపోదామని వెళ్ళి, తలుపు కొట్టి కొట్టి, చివరికి తన దగ్గరున్న తాళంచెవితో తీసి చూశాడు. నాకు ఫోన్ వచ్చేసరికి నేను ఫ్రీమాంట్‌లో పిల్లల్ని స్కూల్‌లో దింపి ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తున్నాను. ఆయన మితభాషి. "మీ ఆంటీ వెళ్ళిపోయింది. బూట్లు కడిగి గుమ్మం దగ్గర బోర్లించి ఉన్నాయి. ఇవాళ అడవికి రావాల్సింది" అన్నాడు. ఆ బూట్ల సంగతి ఎందుకు చెప్పాడో నాకు తెలుసు. మీకూ చెబుతాను.

మధ్యాహ్నానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో సంతాపాలు మొదలయ్యాయి. "సకల జీవరాశినీ కన్నబిడ్డల్లా ప్రేమించిన కరుణామయి" అని ఎవరో రాశారు. కింద వరసగా జోడించిన చేతులు. ఆ మాటల పక్కన ఎక్కడినుంచో దించిన బొమ్మ ఒకటి: కొమ్మ మీద రామచిలుక, కొమ్మ కింద తెల్లపిల్లి. బతికుండగా ఆ బొమ్మ చూసి ఉంటే, పంపినవాళ్ళకి ఫోన్ చేసి మరీ తిట్టేది అత్తయ్య.

ఈ నాలుగు మాటలూ రాయడానికి కారణం ఆ బొమ్మే. మా అత్తయ్య సకల జీవరాశినీ ప్రేమించలేదు. ఎలుకను ప్రేమించలేదు. పిల్లిని, పందిని, ముంగిసను, దోమను, గోరింకను ప్రేమించలేదు. వాటికి బోనులు పెట్టింది, మందు పెట్టించింది, అడవి చుట్టూ కంచెలు వేయించింది. ఆవిడ ప్రేమించింది ఒక కాకిని. ఆ కాకి ఆవిడ ముఖం ఎన్నడూ చూడలేదు.

అత్తయ్య మా నాన్నకి చెల్లెలు. తిరుపతిలో పశువైద్యం చదివింది. పెళ్ళిమాట ఎత్తినవాళ్ళందరినీ "ముందు చదువు కానివ్వండి" అని వాయిదా వేసి, ఆ చదువు పేరుతోనే అమెరికా వచ్చి, టెక్సస్‌లో కొన్నేళ్ళు కోళ్ళ జబ్బుల మీద పనిచేసింది. ఆ తర్వాత హవాయిలో ఒక ఉద్యోగం పడిందని విని, ఉన్న జీతంలో సగానికి ఒప్పుకుని వెళ్ళిపోయింది. అక్కడ అడవిలో అంతరించిపోతున్న ఒకరకం కాకుల్ని పంజరాల్లో ఉంచి, గుడ్లు పెట్టించి, పిల్లల్ని చేసే కేంద్రం అది. "ఇంత చదువు చదివి కాకులకి సేవ చెయ్యడమేమిటే?" అని మా బామ్మ నెత్తి కొట్టుకుందిట. "పితృదేవతలకు సేవ చేస్తున్నాననుకో అమ్మా, నీకూ పుణ్యమే" అందిట ఈవిడ.

ఆ కాకిని అక్కడివాళ్ళు అలలా అంటారు. మన బొంతకాకి అంత ఉంటుంది. గొంతు మాత్రం కాకిది కాదు, ఒకోసారి పసిపిల్ల ఏడుపులా ఉంటుంది, ఒకోసారి ఎవరో ఎవర్నో దూరం నుంచి కేకేసినట్టు ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క దీవిలోనే పుట్టింది. అడవి పళ్ళు తిని గింజలు చల్లి చెట్లు మొలిపించేది. అడవిలో చివరి జంట కూడా కనబడకుండా పోయాక, పంజరాల్లో ఉన్నవే జాతి మొత్తానికీ మిగిలాయి.

నేను మొదటిసారి ఆ దీవికి వెళ్ళినప్పుడు సన్నీవేల్‌లో కొత్తగా ఉద్యోగంలో ఉన్నాను. ఎయిర్‌పోర్ట్ బయటికొస్తే పార్కింగ్ లాట్‌లో, కార్ల మధ్య, పసుపు ముక్కులేసుకుని దర్జాగా నడుస్తున్నాయి గోరింకలు. నాకు ప్రాణం లేచొచ్చింది. "అత్తయ్యా, మన గోరింకలు!" అని అరిచి, చేతిలో ఉన్న చిప్స్ ప్యాకెట్ విప్పి రెండు విసిరాను.

"కార్ ఎక్కు. ఆ ప్యాకెట్ లోపల పెట్టు" అంది. కౌగిలింతా లేదు, కుశలప్రశ్నా లేదు. దారిలో మొదలుపెట్టింది.

"మనవేరా. అదే కదా నా ఏడుపు! గోరింక మనది. ముంగిస మనది. పక్క దీవుల్లో తిరిగే చుక్కల జింక మనది, రామచిలుక మనది. ఒకటి తోటల్లో పురుగుల్ని తింటుందని తెచ్చారు. ఒకటి ఎలుకల్ని పడుతుందని తెచ్చారు. జింకల్ని రాజుగారికి గిఫ్ట్‌గా పంపారు. అన్నీ సెటిలైపోయాయి. మనవాళ్ళకి కాస్త చోటు చూపిస్తే చాలు కదా!"

"ముంగిస ఎలుకల్ని పట్టదా మరి?"

"ఎలుక తిరిగేది రాత్రి. ముంగిస తిరిగేది పగలు. చెరకుతోటల దొరలకి ఆ మాత్రం తట్టలేదు. రెండూ షిఫ్టులేసుకుని ఇక్కడి పక్షుల గుడ్లు తింటున్నాయి."

ఆ దీవులు సముద్రం నడిమధ్యన నిప్పులోంచి లేచినవని, అక్కడికి నడిచి రాగలిగిన జంతువేదీ లేదని, పాలిచ్చే జంతువుల్లో నేల మీదికి తనంతట తాను చేరింది గబ్బిలం ఒక్కటేనని, అదీ ఎగిరొచ్చిందని ఆ రోజే విన్నాను. పిల్లి లేని, ఎలుక లేని చోట పుట్టిన పక్షికి నేల మీద గూడు పెట్టుకున్నా భయం లేదు. "ఇక్కడి పక్షికి భయం అనే అవయవమే పెరగలేదురా. దేవుడు ఇవ్వలేదు, అవసరం లేదని" అనేది అత్తయ్య. తర్వాత ఓడలెక్కి అన్నీ వచ్చాయి. పంది వచ్చి చెట్టంత పెరిగే ఫెర్న్ మొక్కల మొద్దుల్ని తొలిచి తిని తొట్లు చేసిపెట్టింది. తొట్లలో వాననీళ్ళు నిలిచాయి. ఆ నీళ్ళలో దోమ గుడ్లు పెట్టింది. ఆ దోమ కాటులో పక్షుల మలేరియా ఉంది. పువ్వుల్లో తేనె తాగే చిన్న ఎర్రపిట్ట ఉంటుందక్కడ, దానికి ఒక్క కాటు చాలు. ఇదంతా అత్తయ్య కథలా చెప్పేది కాదు. నేరం చేసినవాళ్ళ పేర్లు చదువుతున్నట్టు చెప్పేది.

ఇక బూట్లు. ఆ అడవిలో చెట్లని చంపే బూజు ఒకటి పాకుతోంది. మనుషుల చెప్పులకంటిన మట్టితో కూడా అది ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతుంది. అందుకని అత్తయ్య గుమ్మం దగ్గర ఒక బ్రష్షు, నీళ్ళ బకెట్టు, స్ప్రే సీసా ఉండేవి. ఎంతటివాళ్ళు వచ్చినా బూట్లు తోమి, స్ప్రే కొట్టాకే లోపలికి. మా బామ్మ మడి కట్టుకుంటే పిల్లలం దూరంగా నిలబడేవాళ్ళం; అత్తయ్య బూట్ల మడి అంతకన్నా ఎక్కువ. ప్లేనో నుంచి వెకేషన్‌కొచ్చిన దూరపు చుట్టం ఒకాయన "మేము వచ్చింది లావా చూడ్డానికా, బూట్లు తోముకోడానికా?" అని విసుక్కున్నాడు. "హోటల్‌కి పోతే తోమక్కర్లేదు, అక్కడ అడవి లేదు" అని స్ప్రే సీసా ఆయన చేతిలో పెట్టింది. ఆయన మళ్ళీ రాలేదు. చుట్టాలు రావడం అలా ఒక్కొక్కరుగా తగ్గింది. వాళ్ళు చెప్పుకున్న మాట, "ఆవిడకి కొంచెం తిక్క."

ఆవిడ పని నేను కళ్ళారా చూసింది ఒక్కసారే, అదీ టీవీ తెరలో. గుడ్డులోంచి వచ్చిన కాకిపిల్ల మొదట ఎవరి ముఖం చూస్తే వాళ్ళనే తన జాతనుకుంటుందట. మనిషి ముఖం చూస్తే మనిషి వెంట పడుతుంది, అడవికి పనికిరాదు. అందుకని పిల్లకి తిండి పెట్టేవాళ్ళు తెర వెనక దాక్కుని, చేతికి తొడుక్కునే బొమ్మ కాకి తలతో పెట్టాలి. నల్లగుడ్డ, రబ్బరు ముక్కు, రెండు గాజుకళ్ళు. ఆ బొమ్మ చేతికెక్కిందంటే గదిలో ఉన్న ఎవరూ పెదవి విప్పకూడదు. దగ్గు వస్తే బయటికి పోవాలి. నేను బయట గదిలో కూర్చుని టీవీలో చూశాను. కళ్ళు తెరవని ముడతల పిల్ల మెడ చాచి నోరు తెరుస్తోంది. నల్లటి ముక్కు వచ్చి దాని గొంతులో ముద్ద పెడుతోంది. ఆ ముక్కు కాస్త ఆగి, పిల్ల తల మీద రెండుసార్లు మెల్లగా రాసింది. అది తిండిలో భాగం కాదని నాకు కూడా తెలిసింది.

పగలంతా అలా నోరు మూసుకుని, సాయంత్రం ఇంటికొచ్చి గంటలకొద్దీ మాట్లాడేది. వంటింట్లో పెసరట్టు తిప్పుతూ మాట్లాడేది, అంట్లు తోముతూ మాట్లాడేది. పంజరంలో పుట్టిన కాకులు అడవి కాకుల పిలుపులు చాలావరకు మర్చిపోయాయని ఆ సాయంత్రమే చెప్పింది. పెద్దవి లేవు, నేర్పేవాళ్ళు లేరు. "ఇది నా చోటు, రావద్దు అని చెప్పే కేకే సగం పోయిందిరా. మీ పిల్లల తెలుగులాగే. ఆకలి, అమ్మ, నో, ఈ మూడూ మిగిలాయి."

నాకప్పటికి పెళ్ళే కాలేదు. ఇప్పుడు ఇద్దరు పిల్లలు. అత్తయ్య మూడంది, మా ఇంట్లో రెండే.

ఆవిడకి ఉన్నదల్లా ఒకే కోరిక. దాన్ని దాచుకోలేదు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది. "అడవిలో గూడు కట్టి, తన పిల్లకి తనే తిండి పెట్టుకునే కాకిని ఒక్కదాన్ని చూడాలి. బొమ్మ అక్కర్లేకుండా. అది చూసి పోతాను."

రిటైరయ్యాక ఆ రోజు వచ్చినట్టే వచ్చింది. పెంచిన కాకుల్ని కొన్నిటిని అడవిలో వదలాలని నిర్ణయించారు. వదిలేముందు వాటికి చదువు చెప్పారు: అక్కడి గద్ద అరుపు రికార్డు వినిపించడం, గద్దను చూపించి పక్కనే కాకుల భయపు కేకలు పెట్టడం. అత్తయ్య జీతం లేకుండా వెళ్ళి ఆ పనిలోనూ నిలబడింది. వదిలిన రోజు ఫోన్ చేసింది. "తలుపు తీశార్రా. ఎంతసేపటికీ ఒక్కటీ బయటికి రాదే! గుమ్మం మీద కూర్చుని తలొంచి అడవిని చూస్తున్నాయి. చివరికి ఒకటి దూకింది. దూకి, రెక్కలున్నాయని అప్పుడే గుర్తొచ్చినట్టు ఎగిరింది." అక్కడితో మాట ఆగిపోయింది. ఏడుస్తోందని కాసేపటికి గాని నాకు అర్థం కాలేదు. అంతకుముందు ఆవిడ ఏడవగా నేను వినలేదు.

కొన్నాళ్ళు అంతా బాగుంది. ఒక జంట పుల్లలు మోసి గూడు కట్టింది కూడా. పిల్లలు మాత్రం రాలేదు. ఆ తర్వాత ఒక్కొక్కటిగా పోవడం మొదలైంది. కొన్ని గద్దల పాలయ్యాయి. ఒకటి పిల్లి రోగంతో చచ్చింది. పిల్లి మలంలో ఉండే ఒక క్రిమి వాననీళ్ళతో అడవి చేరుతుంది. పిల్లికి దానివల్ల పెద్దగా ఏమీ కాదు, కాకి మాత్రం చస్తుంది.

ఆ ఏడు ఉగాదికి నేను, నా భార్య అక్కడే ఉన్నాం. దగ్గర్లోని హీలో పట్నంలో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలూ తలా ఒక వంటకం తెచ్చి ఒక డాక్టరుగారింట్లో పాట్‌లక్ పెట్టుకున్నారు. ఆ డాక్టరుగారి భార్య చెయ్యి పెద్దది, మనసు మెత్తన. సముద్రం ఒడ్డున పార్కులో తిరిగే పిల్లులకు రోజూ సాయంత్రం తిండి తీసుకెళ్ళేది. అత్తయ్య పళ్ళెం కింద పెట్టి ఆవిడ దగ్గరికెళ్ళింది.

"ఏమండీ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఆ పిల్లులకి పెట్టడం మానండి. మీరు పెట్టేకొద్దీ అవి పెరుగుతున్నాయి. నా కాకి ఒకటి ఆ రోగంతో చచ్చింది."

"మూగజీవాలండీ! ఆకలితో అరుస్తుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాం? అయినా మీరు పిల్లుల్ని చంపించే మీటింగులకి వెళ్తారట కదా. పాపం కాదూ?"

"పాపమేనండీ. నేను మోస్తాను. మరి ఆ కాకి చావు ఎవరు మోస్తారు?"

అప్పుడు సోఫాలో ఉన్న ఒక అంకుల్, సరదా మనిషి, గొంతు సవరించుకుని అన్నాడు: "ఒక కాకి చస్తే వంద కాకులు అరుస్తాయంటారు. ఇక్కడేంటి, మన పశువుల డాక్టరమ్మగారొక్కరే అరుస్తున్నారు!"

అందరూ నవ్వారు. పిల్లలు కూడా, అర్థం కాకపోయినా.

"మిగతావి లేవు గనక" అంది అత్తయ్య. చెప్పులేసుకుని కార్‌లో కూర్చుంది. ఉగాది పచ్చడి కూడా ముట్టలేదు. ఈ రోజు గ్రూపులో చేతులు జోడించినవాళ్ళలో ఆ సరదా అంకుల్ కూడా ఉన్నాడు. చూశాను.

చివరికి అడవిలో మిగిలినవాటినైనా కాపాడుకోవాలని వెనక్కి పట్టి పంజరాల్లో పెట్టేశారు. ఆ పట్టే పనికి అత్తయ్యను కూడా రమ్మన్నారు. వెళ్ళి వచ్చాక నాకు ఫోన్ చేసింది. "వెంటపడక్కర్లేకపోయిందిరా. రోజూ తిండి పెట్టే చోటే బోను పెట్టారు. నమ్మి వచ్చాయి." మళ్ళీ తనే, "గద్దని తిట్టకు. అది ఇక్కడిదే, దాని అడవి అది. తప్పు మాది. బొమ్మ తినడం నేర్పగలదు. భయపడడం తల్లే నేర్పాలి" అంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. చెరకు దొరల మీదా? వాళ్ళు ఎప్పుడో పోయారు. పిల్లుల ఆంటీ మీదా? ఆవిడ మంచిదే. మంచివాళ్ళ వల్ల జరిగే నష్టానికి తిట్టడానికైనా ఎవరూ దొరకరు. ఆ కోపం ఇప్పటికీ అలాగే ఉంది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియదు.

మా నాన్న పోయినప్పుడు అత్తయ్య ఫ్రీమాంట్ వచ్చింది. పదోరోజు కర్మకి పెరట్లో పిండం పెట్టి అందరం దూరంగా జరిగామో లేదో, ఎదురింటి కప్పు మీద నుంచి రెండు అమెరికా కాకులు దిగి, వంతులేసుకుని తినేశాయి. అమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. "తృప్తిగా వెళ్ళారు నాయనా" అన్నారు పంతులుగారు. అత్తయ్య మాత్రం ఆ కాకుల్నే కళ్ళార్పకుండా చూస్తోంది. నవ్వుతోందా ఏడుస్తోందా తెలియని ముఖం.

"అన్నయ్య అదృష్టవంతుడు. ఒరేయ్, నేను పోతే మాత్రం పిండం గిండం పెట్టకండి. మా ఊళ్ళో ముట్టేవాళ్ళెవరూ లేరు" అంది.

తర్వాత ఆవిడ ఎక్కువగా మాట్లాడలేదు. కేంద్రంలో పాతబడి పారేస్తున్న బొమ్మ కాకినొకదాన్ని అడిగి తెచ్చుకుని వంటింట్లో కిటికీ పక్కన మేకుకి తగిలించింది. వేరే దీవిలో, ఆ గద్దలు లేని చోట, మళ్ళీ కాకుల్ని వదిలే ఆలోచనలున్నాయని నేను ఎక్కడో చదివి ఉత్సాహంగా చెబితే, "మంచిదే. వాటి ఊరు మాత్రం ఇది" అంది. అడవిలో ఎలుకల బోనులు చూసిరావడానికి వారంలో కొన్ని రోజులు ఆ పెద్దాయనతో వెళ్ళేది. పోయిన రోజు కూడా వెళ్ళాల్సిందే. అందుకే ముందురోజే బూట్లు కడిగి పెట్టుకుంది.

పిండం వద్దందని అమ్మకి చెప్పాను. "వద్దంటే ఊరుకుంటామా? పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. మేనల్లుడివి, నువ్వు కాక ఎవరు పెడతారు?" అంది. మా నాన్నకి చేయించిన పంతులుగారే వీడియో కాల్‌లో చేయిస్తానన్నారు. నేను వెళ్ళాను.

పదోరోజు పొద్దున అత్తయ్య పెరట్లో సన్నగా జల్లు. ఫోన్‌ని పూలకుండీకి ఆనించి నిలబెట్టాను. దీవి పెద్దాయన వచ్చి, బూట్లు తోముకుని, గట్టు మీద నిలబడ్డాడు. కాసేపటికి ఇంకో కారు ఆగింది. పిల్లుల ఆంటీ. దర్భలు, నువ్వులు ఎక్కడినుంచో సంపాదించి తెచ్చింది. "మీ అత్తయ్యగారికి నేనంటే కోపం బాబూ. అయినా మనసాగక వచ్చాను" అంది. గుమ్మం దగ్గర కూర్చుని, చీర కుచ్చిళ్ళు తడుస్తున్నా, చెప్పులు శుభ్రంగా తోమింది.

పంతులుగారు చెప్పినట్టల్లా చేశాను. ఫోన్‌కి కనబడనంత దూరంలో అరటాకులో పిండం పెట్టి వెనక్కి జరిగాం.

"ఇప్పుడు కాకి కోసం చూడండి" అన్నారాయన.

"ఇక్కడ కాకుల్లేవండీ పంతులుగారూ."

"కాకుల్లేని ఊరేమిటి బాబూ?"

"ఉన్నాయండీ. పంజరంలో ఉన్నాయి."

"సరే, ఏ పక్షి ముట్టినా దోషం లేదు. చూద్దాం" అన్నారు.

ఎక్కువ చూడక్కర్లేకపోయింది. కప్పు అంచున అప్పటికే చేరాయి గోరింకలు. ఒకటి గడ్డిలోకి దిగి, తల పక్కకి వంచి పిండాన్ని చూసి, రెండడుగులు వేసింది. ఆంటీ ముఖం వెలిగింది. "అదిగో, గోరింకలు! మన దేశం పక్షే కదా బాబూ. మనవాళ్ళే వచ్చి ముట్టినట్టు."

ఆవిడ మంచి మనసుతోనే అంది. నేను మాత్రం చప్పట్లు కొడుతూ గోరింకల మీదికి పరిగెత్తాను. "పో! పో!" అని అరిచాను. ఎగిరి కంచె మీద వాలాయి. వెనక్కి తిరిగానో లేదో మళ్ళీ దిగాయి. మళ్ళీ తరిమాను. పంచె కట్టుకుని, తడి గడ్డిలో జారుతూ, పక్షుల్ని తరుముతున్న నన్ను చూసి ఆంటీ నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"ఏమైంది బాబూ? ముట్టడం లేదా?" ఫోన్‌లోంచి పంతులుగారు. "ఏదో కోరిక ఉండిపోయి ఉంటుంది. అదేదో మీకు తెలిస్తే, నేను తీరుస్తానని పైకి గట్టిగా చెప్పండి. అప్పుడు ముడుతుంది."

కోరికేమిటో తెలుసు. అదే కష్టం. ఎవరి పెళ్ళో చేస్తానని, ఎవరినో చదివిస్తానని అయితే చెప్పొచ్చు. అడవిలోంచి పందుల్ని తీసేస్తాను, దోమల్ని తీసేస్తాను, ఎలుకా పిల్లీ ముంగిసా లేకుండా చేస్తాను, పంజరంలో పుట్టిన కాకికి మర్చిపోయిన కేకలు నేర్పించి, గూడు కట్టించి, దాని పిల్లకి అదే తిండి పెట్టుకునేలా చేస్తాను అత్తయ్యా అని ఏ నోటితో చెప్పను? ఎల్లుండి నాకు ఆఫీస్ ఉంది. నోరు తెరిచాను. అబద్ధం చెప్పి ఆవిణ్ణి పంపించడం నావల్ల కాలేదు.

వంటింట్లోకి వెళ్ళి కిటికీ పక్క మేకు నుంచి బొమ్మ తీశాను. లోపల గుడ్డ ఆవిడ వేళ్ళ ఆకారంలో గట్టిపడి ఉంది. చేతికి తొడుక్కుని పెరట్లోకి వచ్చాను.

నా చేతిని చూడగానే దీవి పెద్దాయన, అలవాటు కొద్దీ, వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. ఆంటీ వైపు తిరిగి ఆవిడకీ సైగ చేశాడు. ఎందుకో అడక్కుండానే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన వచ్చి, నా భుజం మీది ఉత్తరీయం తీసి, రెండు చేతులతో తెరలా నా ముఖానికి అడ్డం పట్టుకున్నాడు. తెర వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను. నాకు పిండం కనబడటం లేదు. చెయ్యి మాత్రం ముందుకు చాచాను. రబ్బరు ముక్కు మెత్తటి అన్నానికి తగిలింది. కొంచెం తీసుకుంది. ఎందుకు చేశానో తెలియదు, ఆ ముక్కుతో పిండం మీద రెండుసార్లు మెల్లగా రాశాను.

"ముట్టిందా బాబూ?"

"ముట్టిందండి" అన్నాను, గొంతు బాగా తగ్గించి.

"శుభం. వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళండి" అన్నారాయన, విషయం తెలియక. లోపలికి వెళ్ళాం. నేను మాత్రం కిటికీలోంచి చూశాను. గోరింకలు దిగి పిండం మొత్తం తినేశాయి. చివరి మెతుకుల కోసం కంచె కింద నుంచి ముంగిస ఒకటి వచ్చింది. ఈసారి తరమలేదు.

అందరూ వెళ్ళాక బొమ్మ ముక్కుకి అంటిన అన్నం కడిగి, ఆరడానికి పెరట్లో బట్టల తీగకి క్లిప్పు పెట్టాను. జల్లు ఆగలేదని పెట్టాక గుర్తొచ్చింది. తీసుకొద్దామని తలుపు దాకా వెళ్ళి ఆగాను. గోరింక ఒకటి వచ్చి అదే తీగ మీద, బొమ్మ పక్కనే వాలింది. ఒకసారి దాని గాజుకళ్ళలోకి చూసింది. భయపడలేదు. వానలో నల్లటి బొమ్మ నోరు తెరుచుకుని ఊగుతుంటే, దాని పక్కన నిబ్బరంగా కూర్చుని ఈకలు సర్దుకోసాగింది.